చేరినట్టు కాగితం

చెర్ణి కనుమ మీద మంచు ఎప్పుడు కరుగుతుందో ఆఫీసువాళ్ళకి అక్కర్లేదు. మే నెల మూడో వారంలో కుడ్రోట్ ఊరి పిల్లలకు టీకాలు వేయాలని వాళ్ళ పట్టికలో ఉంది, వేయాల్సిందే. అందుకని మే నెల మూడో వారంలో నర్సు చంచలో తన నలభై ఏడేళ్ళ మోకాళ్ళను ఈడ్చుకుంటూ వచ్చి, పొద్దున ఎనిమిది గంటలకు తొడలదాకా మంచులో దిగబడి, దిగబడిన చోటే నిలబడి ఉంది.

"అలా లాగకమ్మా! మడమ అటూ ఇటూ ఆడించు. గుంత వెడల్పయ్యాక లాగు," అన్నాడు పైనుంచి రసీలు.

"పదకొండేళ్ళుగా దిగబడుతున్నాను. ఇప్పుడు నువ్వు నేర్పుతావా నాకు?"

"అంత నేర్చినదానివి, నేను కొట్టిన మెట్టు వదిలేసి పక్కనెందుకేశావు కాలు?"

కాలు తిమ్మిరెక్కి తూలిందని చెబితే మందుల పెట్టె కూడా తానే మోస్తానంటాడు. అరవై దాటిన గొర్రెల కాపరి. అతని వీపున ఇప్పటికే పిండిమూట, కంబళ్ళు, ఆమె బట్టల సంచీ ఉన్నాయి. చంచలో మడమ ఆడించి, మోకాలి కింద రెండు చేతులూ పెట్టి, కాలిని పైకెత్తి మెట్టు మీద పెట్టుకుంది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచు మీద ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి కాబట్టి ఆ నీళ్ళకి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

చలికాలపు మంచును నమ్మవచ్చు గానీ ఎండలు ముదిరే రోజుల మంచును నమ్మడానికి లేదు. తెల్లవారేటప్పటికి పైన గట్టిగా పెచ్చు కట్టి ఉంటుంది, మేకలు కూడా నడిచిపోతాయి. తొమ్మిదయ్యేసరికి ఆ పెచ్చు కింద అంతా నీరుకారి, అడుగేస్తే చాలు మనిషిని మింగుతుంది. రాళ్ళ పక్కన మరీ మోసం. రాయికి ఎండ తగిలి చుట్టూ మంచు లోపల్లోపలే కరిగిపోయి, పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు తెల్లగా పరుచుకుని ఉంటుంది. అందుకే చీకటి విచ్చుకుంటుండగానే బయల్దేరారు. అయినా ఆలస్యమే అయింది. ఆమె నడక వల్లనే అయింది.

రసీలు పొట్టి పిడి పారతో మెట్లు కొడుతున్నాడు. రెండు దెబ్బలు అడ్డంగా, ఒకటి నిలువుగా, ఆపైన గడ్డిపీచు చెప్పుతో ఒక తొక్కు. కుడ్రోట్ వాళ్ళకో కట్టుబాటు ఉంది. ఆ ఏడు మంచు మీద మొదటి మెట్లు కొట్టేవాడు తన అడుగు కొలతకు కొట్టుకోకూడదు. వెనక వచ్చేవాళ్ళలో ఎవరి అడుగు పొట్టిదో ఆ కొలతకు కొట్టాలి. చంచలో మనిషే పొట్టి. రసీలు తన కోసమైతే రెండు మెట్లు కొట్టుకునేచోట ఆమె కోసం మూడు కొడుతున్నాడు.

"మంచుగడ్డలు పెట్టెలో పెట్టుకుని మంచుకొండ ఎక్కేవాళ్ళు లోకంలో మనిద్దరమే," అన్నాడు పార ఆపి, ఊపిరి తీసుకుంటూ. టీకామందు చల్లగా ఉండాలని నీలంపెట్టెలో పెట్టిన మంచుగడ్డల సంగతి అతనికి ఏటా నవ్వే.

"ఈ ఏటితో సరి. వచ్చే ఏడు నువ్వొక్కడివే నవ్వుకో."

"కాగితం తెచ్చావటగా?"

ఆమె రవికలో ప్లాస్టిక్ కవరు తడిమి చూసుకుంది. అచ్చు కాగితం అది. ఈ నర్సు మంచు రోజుల్లో కాలినడకన మా ఊరు చేరి పనిచేసింది అని ఊరి ప్రధాన్ సంతకం పెట్టి ముద్ర వేయాలి. నాలుగేళ్ళుగా ఆమె బదిలీ అర్జీ పెడుతూనే ఉంది, పెట్టింది పెట్టినట్టు తిరిగొస్తూనే ఉంది. ఈసారి కింద లుహాణి ఆసుపత్రి డాక్టరు ఈ కాగితం చేతికిచ్చి, 'ఇది నింపి తెండి, మిమ్మల్ని బసోలాకు వేయించే పూచీ నాది' అన్నాడు. బసోలాలో ఆసుపత్రి గుమ్మం ముందు బస్సు ఆగుతుందట.

"తెచ్చాను. సిబ్బో వదిన ముద్ర వేస్తే చాలు."

"వేస్తుందిలే," అన్నాడు రసీలు. అని, శుభ్రంగా ఉన్న పారను తను తొడుక్కున్న ఉన్ని చోలా అంచుతో మళ్ళీ తుడిచాడు.

కనుమ మీద రాళ్ళగుట్ట దగ్గర రసీలు చెప్పులు విప్పి, కాస్త పిండీ నెయ్యీ పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు. మొక్కజొన్న రొట్టె, బెల్లం తిని అవతలివైపు దిగడం మొదలుపెట్టారు. ఎక్కడం ఊపిరి తీస్తే దిగడం మోకాళ్ళు తీసింది. ఊరి పొగ కనబడ్డాక కూడా ఊరు చేరడానికి ఆమెకు మూడు గంటలు పట్టింది.

మర్నాడు సిబ్బో ఇంటి వసారాలో టీకాలు. సిబ్బో ఊరికి ప్రధాన్, ఏభై రెండేళ్ళ మనిషి. తలుపుకు తల తగిలేంత పొడుగు, ఆ పొడుగుకు తగ్గ గొంతు. వసారాలో నిలబడి పిలిస్తే ఊరి చివర పిల్లలు కూడా మంచాల కింద దూరారు.

"రండర్రా! ఏడిచినవాడికి రెండో తొడకు కూడా వేయిస్తాను!"

చంచలో పొయ్యికి దూరంగా కూర్చుని, సీసా ఊపి వెలుగుకు పట్టి చూసి, సూదిలో మందు ఎక్కించి గాలి తీసింది. తల్లి మోకాళ్ళ మధ్య పిల్లవాడి కాలు ఇరికించి, బొటనవేలితో తొడ చర్మం బిగించి, పిల్లవాడు ఊపిరి పీల్చి ఏడుపుకు సిద్ధమయ్యేలోగా పొడిచి తీసేసింది. ఏడుపు తరువాత వచ్చింది. పద్నాలుగు మంది. ప్రతివాడి పేరూ, తండ్రి పేరూ పట్టికలో రాసి, మందు పేరు ఎదుట గీత కొట్టి, తరువాతి పిల్లని పిలిచింది. సందె వాలేదాకా ఒక్కసారి లేచింది, అదీ తారో అనే పడుచు తల్లి చెయ్యి అందిస్తే.

పని అయ్యాక ఉప్పు టీ తాగుతూ కాగితం తీసింది.

"అయ్యో, ముద్ర పెట్టెలో ఉంది కదమ్మా," అంది సిబ్బో. "తాళం మా ఆయన దగ్గర. ఆయన గొర్రెలతో పైన ఉన్నాడు. రేపు చూద్దాంలే."

రేపూ వచ్చింది, ఆయనా వచ్చాడు. తాళంచెవి మొలతాడుకే ఉంది. సిబ్బో ఆవుకు గడ్డి వేయడానికి వెళ్ళి మధ్యాహ్నందాకా రాలేదు. వచ్చి, పెట్టె తీసి, కంబళ్ళన్నీ కిందపడేసి వెతికి, "ఎటు పోయిందో చూడు మాయదారి ముద్ర! చూద్దాం, కాస్త ఓపిక పట్టు," అంది. ఆమె వెతికే తీరు చూస్తే లేని వస్తువు కోసం వెతుకుతున్నదానిలా లేదు. దొరుకుతుందేమోనని భయపడుతున్నదానిలా ఉంది.

చంచలోకి ఆ రోజు ఏమీ అర్థం కాలేదు. మూడో రోజు పొద్దున తారో నూనె కాచి తెచ్చి ఆమె మోకాళ్ళకి రాస్తూ, ఉన్నట్టుండి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏమే, సూది నీ కొడుక్కేస్తే మూడు రోజులకి నీకు నొప్పెట్టిందా?"

"అది కాదు పిన్నీ. ఈ ఏడు నేను వేలిముద్ర వేయలేదు. ఒట్టు. నీ కాళ్ళు చూశాక వేయబుద్ధి కాలేదు. అత్త తిట్టినా వేయలేదు."

"ఏ వేలిముద్ర?"

తారో చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. ఇక దాచడం ఆ పిల్ల వల్ల కాలేదు. నాలుగేళ్ళుగా ప్రతి శీతాకాలం ఊరంతా వేలిముద్రలు వేసి పై ఆఫీసుకు కాగితం పంపుతోంది. మా నర్సును మా నుంచి తీయవద్దు, ఆమె తప్ప ఇంకెవరూ ఈ మంచు దాటి రారు, అని.

చంచలో చెప్పులు కూడా తొడుక్కోకుండా సిబ్బో ఇంటికి వెళ్ళింది. సిబ్బో వసారాలో ఉన్ని దువ్వుతోంది. చంచలో వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నాలుగేళ్ళు! నాలుగేళ్ళుగా పై ఆఫీసులో ఎవడో నా మీద పగబట్టాడనుకుని కనబడని వాణ్ణి శపిస్తున్నాను. మీరా వదినా? నా చేత్తో మీ పిల్లలకి మందేయించుకుని, ఆ ఏడే నా వెనక గొయ్యి తీశారా?"

సిబ్బో ఉన్ని పక్కన పెట్టింది. బుకాయించలేదు.

"తీశాం. ఇంకేం చెయ్యమంటావు? నీకు ముందు దర్శనా అని ఒకతి ఉండేది. వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ మా పిల్లల పేర్లన్నీ మందేసినట్టు పుస్తకంలో రాసిపోయింది. వేసింది లేదు, పెట్టింది లేదు. ఆ ఏడు తట్టు పోసి ఏడుగురు పోయారు. అందులో నాదొకటి. పై నుంచి వచ్చినవాళ్ళు పుస్తకం చూసి, మీ పిల్లలకి మందేసి ఉంది, ఇది తట్టు కాదు, ఇంకేదో అన్నారు. దాని వంశం నాశనం కాను!"

"ఆవిడ చేసింది నా నెత్తికి చుడతావా?"

"నువ్వొచ్చాక ఒక్క బిడ్డ పోలేదమ్మా. ఒక్కటి. నిన్ను పంపెయ్యమని సంతకం ఏ చేత్తో పెట్టను?"

"అయితే నా కాళ్ళు మీ ఊరి సొత్తా? విరిగేదాకా నడిపించి విరిగాక పాతిపెడతారా?"

సిబ్బో మొహం అటు తిప్పుకుంది. ఊరి ముందు ఎన్నడూ తగ్గని మనిషికి తగ్గడం చేతకాదు. నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది.

"ముద్ర ఇక్కడ లేదు. గుర్తొచ్చింది. లుహాణిలో పంచాయతీ గుమాస్తా దగ్గర వదిలేశాను."

"సరే అయితే. రేపు నేను లుహాణికే పోతున్నాను. నడు నాతో."

"నేనా? ఇప్పుడా? ఈ మంచులోనా? ఆడవాళ్ళు దిగేది ఆషాఢంలో కదా..."

"మరి నేను ఎవర్ని?" అంది చంచలో. వసారా మెట్ల మీద కూర్చుని వింటున్న రసీలు, నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు.

అలా కుడ్రోట్ ప్రధాన్ తన అబద్ధానికి కట్టుబడి మర్నాడు తెల్లారకముందే కనుమ ఎక్కింది. మొదట్లో బాగానే నడిచింది, పొడుగు కాళ్ళు మరి. మంచు మొదలయ్యాక ఆ కాళ్ళే పగబట్టాయి. రసీలు మెట్లు చంచలో కొలతకు కొట్టి ఉన్నాయి. సిబ్బో ఒక్కొక్క మెట్టూ ఎక్కబోతే నడక కుదరదు, రెండేసి ఎక్కబోతే పట్టు చాలదు. నాలుగుసార్లు తూలింది. ఐదోసారి రసీలుని తిట్టింది.

"ఇవి మనుషులకు కొట్టావా, మేకపిల్లలకు కొట్టావా?"

"కట్టుబాటు ప్రకారం కొట్టాను ప్రధానూ. మార్చాలంటే పంచాయతీ పెట్టు."

తొమ్మిది దాటింది. మంచు మెత్తబడింది. సిబ్బోకి ఆయాసంతో నోరు పెగలడం లేదు. పక్కన నల్లరాయి ఒకటి కనబడితే, దాని మీద చెయ్యి ఆనించి కాస్త నిలబడదామని మెట్టు వదిలి అటు రెండు అడుగులు వేసింది.

"వద్దు! రాయి దగ్గరికి వద్దు వదినా!" అని చంచలో అరిచింది గానీ అప్పటికే చప్పుడు లేకుండా సిబ్బో మాయమైంది. చంకల దాకా గుంతలో ఉంది. కాళ్ళ కింద నేల లేదు. లోపలెక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు పైకి వినబడుతోంది.

రసీలు బరువు దించి పరిగెత్తబోయాడు. "నువ్వు రాకు, నీ బరువుకి మొత్తం కూలుతుంది," అని చంచలో పెట్టె విప్పి పక్కన పెట్టి, బోర్లా పడుకుని, మోచేతుల మీద పాకింది. రసీలు నడుముకు చుట్టుకున్న ఉన్ని డోరా చుట్లు చుట్లుగా విప్పి కొస విసిరాడు. నిలువునా ఇద్దరు మనుషుల పొడుగు తాడు ఎప్పుడూ నడుము మీద మోస్తారని నవ్వేవాళ్ళు దాన్ని ఇలాంటిచోట చూడాలి. చంచలో దాన్ని సిబ్బో చంకల కిందుగా తిప్పి ముడేసింది. అటునుంచి రసీలు లాగాడు, ఇటునుంచి చంచలో ఆమె చోలా మెడ పట్టుకుని, తిట్టుకుంటూ, ఏడుస్తూ లాగింది. పది నిమిషాలకి సిబ్బో పొట్ట మీద జారుతూ బయటపడింది.

ఆ లాగుడుకి మెడలోని దారం తెగి గుడ్డసంచీ ఒకటి మంచు మీద పడింది. మూతి విడిపోయి అందులోంచి చెక్కపిడి ముద్ర, చిన్న సిరాడబ్బా దొర్లి, చంచలో మొహం ముందు ఆగాయి.

రసీలు డోరా చుట్టుకునే పనిలో పడిపోయాడు.

సిబ్బో లేచి కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. తను ఎక్కి వచ్చిన దారిని కిందిదాకా చూసింది. ఎక్కాల్సింది ఎంతుందో పైకి చూసింది.

"ఏటా ఇదేనా?" అంది.

"కొన్నేళ్ళు ఇంతకన్నా ఎక్కువుంటుంది."

"రెండుసార్లు? రావడం, పోవడం?"

"రావడం, పోవడం."

"నాకెవరూ చెప్పలేదే," అంది సిబ్బో, చిన్నపిల్లలా. తరువాత చెయ్యి చాపింది. "ఇయ్యి కాగితం."

వీపు వంచమని, చంచలో వీపు మీద కాగితం పెట్టి, నేర్చిన నాలుగక్షరాలూ రాసింది. సిరాడబ్బాను నోటి ఆవిరితో మెత్తబరిచి ముద్ర ఒత్తింది. ఒకసారి సగమే పడిందని రెండోసారి ఒత్తింది. చంచలోకి ఆ రెండు నొక్కులూ వీపు మీద తెలిశాయి. నాలుగేళ్ళుగా కోరుకున్నది దొరికితే సంతోషం వస్తుందనుకుంది. ముందు నిద్ర వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం లుహాణి చేరారు. సిబ్బోను ఆసుపత్రి బయట బల్ల మీద కూర్చోబెట్టి చంచలో డాక్టరు గదిలోకి వెళ్ళింది. డాక్టరు కుర్రవాడు, వచ్చి రెండేళ్ళయింది. చెడ్డవాడు కాదు. ఆమెను ఎప్పుడూ మీరు అనే అంటాడు, కుర్చీ చూపిస్తాడు.

"రెండు ముద్రలా! గట్టిగానే వేయించారే," అని నవ్వి, కాగితం ఎదురుగా పెట్టుకున్నాడు. "ఇవాళే పంపిస్తాను. చిన్న పని ఒకటి మిగిలింది చంచలోజీ. మీరు వెళ్ళాక ఈ పోస్టు ఖాళీగానే ఉంటుంది. మనిషి రావడానికి ఏడాదో, రెండేళ్ళో. అప్పటిదాకా కుడ్రోట్ గడులు ఖాళీగా ఉంటే పైవాళ్ళు నన్ను తినేస్తారు. వచ్చే ఏడాది గడులు కూడా మీ చేత్తోనే నింపి వెళ్ళండి. మీ రాతయితే ఎవరూ అడగరు."

"వెయ్యకుండానే వేసినట్టా?"

"అందరూ చేసేదే. మీకు ముందున్న దర్శనాజీ కూడా నింపే వెళ్ళారట. అప్పటి డాక్టరు రాయించారని మన గుమాస్తా చెప్పాడు. అది రాశాకే ఆవిడ బదిలీ కదిలింది." గొంతులో బెదిరింపు లేదు. ఉన్న సంగతి చెబుతున్నాడు, అంతే.

చంచలో పట్టిక ముందుకు లాక్కుంది. పద్నాలుగు పేర్లూ తన రాతే. దర్శనా కూడా ఈ కుర్చీలోనే కూర్చుని ఉంటుంది. మంచు దిగి వచ్చిన కాళ్ళతోనే వచ్చి ఉంటుంది. పదకొండేళ్ళుగా కుడ్రోట్‌లో ఎవరు ఆవిణ్ణి తిట్టినా తను పక్కన కూర్చుని తల ఊపింది, ఆ తిట్లు వింటుంటే తన మీద తనకి గౌరవం పెరిగేది కూడా. ఆవిడ మోకాళ్ళు ఎలా ఉండేవో ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మోకాళ్ళు మేజా కింద సలుపుతున్నాయి. బసోలాలో గుమ్మం ముందు బస్సు ఆగుతుంది. ఆమె పెన్ను తీసుకుంది. చాలాసేపు రాసింది. డాక్టరు ఈలోగా ఇద్దరు రోగులను చూసి వచ్చాడు.

పట్టిక తిప్పుకుని చదివాడు. వచ్చే ఏడాది గడుల్లో పద్నాలుగు పేర్ల ఎదుటా ఒకటే మాట ఉంది. నర్సు లేదు, వేయలేదు. కింద సంతకం.

"ఇదేమిటి?"

"నింపమన్నారు, నింపాను సార్. వచ్చే మేలో ఎవరైనా వెళ్ళి వేస్తే కొట్టేసి దిద్దుకోవచ్చు."

అతను ఆమె వైపు చూశాడు. కోపం రాలేదు అతనికి, అలసట వచ్చింది. రెండు ముద్రల కాగితాన్ని మడిచి సొరుగులో వేశాడు.

"సరే. మీ సంగతి తరువాత చూద్దాం."

బయట బల్ల మీద సిబ్బో ఎండకు కాళ్ళు చాపుకుని ఉంది. చంచలో పక్కన కూలబడింది.

"ముద్ర సరిగ్గా పడిందన్నాడా?"

"పడిందన్నాడు."

"మరి అంతసేపు ఏం రాశావు లోపల?"

"దర్శనా రాసింది రాయమన్నాడు వదినా. రాస్తేనే బదిలీ. ఆవిడ చేత కూడా అలాగే రాయించారట."

ఏడుగురు పిల్లలు, పదకొండేళ్ళ తిట్లు సిబ్బో మొహంలో ఒకదాని మీదొకటి కదిలాయి.

"రాశావా?"

"లేదు."

"అయితే నీ కాగితం?"

"చూద్దామన్నాడు."

రెండు రోజులు వరసగా ఆ మాట తనే అన్న మనిషి సిబ్బో. వంగి, చంచలో చెప్పుల తాళ్ళు తడిసి బిగుసుకుపోయి ఉంటే గోళ్ళతో విప్పి, ఆమె కాళ్ళు రెండూ తన ఒళ్ళోకి తీసుకుంది. ఉబ్బిన మోకాళ్ళను అరచేతులతో మెల్లగా ఒత్తడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఊరి ప్రధాన్ నలుగురిలో నర్సు కాళ్ళు పడుతోందని గుసగుసలు పోయారు. సిబ్బో తల ఎత్తలేదు.

చాలాసేపటికి, మోకాళ్ళు ఒత్తుతూనే, "మరి వచ్చే ఏడు రసీలుని ఎప్పుడు పంపను?" అంది.

చంచలో గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

"మే నెల మూడో వారం," అంది.